డ్రమ్ములు బాగా వినపడుతున్నాయండీ, పాటెప్పుడొస్తుంది?

పోయిన వానాకాలంలో మా పాటను ఆరుగురికి పంపాం. 3 నిమిషాల 40 సెకన్ల రాక్ పాట. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో, మేడ మీద గదిలో, నాలుగు మైకులు, మైకుల శబ్దాన్ని కంప్యూటరుకు చేర్చే ఇంటర్‌ఫేస్ ఒకటి, ఒక పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని మేమే రికార్డు చేసుకున్నది. గిటారు, గొంతు నావి. డ్రమ్స్ మా చిన్నాన్నగారి అబ్బాయివి. మిగతా సంగతి వదిలేయండి, డ్రమ్స్ ఎలా ఉన్నాయో మాత్రం చెప్పండి అని అడిగాం.

రాజమండ్రి స్నేహితుడు "బాగుందిరా" అన్నాడు. అంతే. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే అన్నయ్య "డ్రమ్స్ వెనక్కి లాగుతున్నాయిరా" అన్నాడు. మా బావ "ఇంకాస్త గట్టిగా కొట్టాల్సింది బావా" అన్నాడు. మా అక్క "రేకుల షెడ్డు మీద వాన పడుతున్నట్టుంది" అంది. భీమవరంలో చిన్న స్టూడియో నడిపే పరిచయస్తుడు "కిక్ ఏదండీ?" అని అడిగాడు, కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము గురించి. మా ఊరి బ్యాండు మాస్టారు, నలభై ఏళ్లుగా పెళ్లిళ్లలో డ్రమ్ము వాయిస్తున్న మనిషి, ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా విని, చాలా మర్యాదగా అన్నారు: "డ్రమ్ములు బాగా వినపడుతున్నాయండీ. పాటెప్పుడొస్తుంది?"

గట్టిగా కొట్టమని ఒకరు, చెవులు పగిలిపోతున్నాయని ఇద్దరు. అసలు వినపడలేదని ఒకరు. మా తమ్ముడు రెండు రోజులు స్టిక్స్ ముట్టుకోలేదు. "అందరికీ నచ్చేలా ఎలా వాయిస్తారు అన్నయ్యా?" అన్నాడు. నాకూ జవాబు తెలియలేదు. తర్వాత రెండు వారాలు కూర్చుని ఒక్కో మాటనూ విప్పి చూస్తే అర్థమైంది. ఆ ఆరుగురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. చెప్పిన జబ్బు నిజమే, చెప్పిన మందే చాలావరకు తప్పు.

వరి ఆకు పసుపు పచ్చగా తిరిగిందనుకోండి. గట్టు మీద నిలబడ్డ ప్రతి ఒక్కరూ "యూరియా చల్లండి" అంటారు. ఆకు పసుపు తిరిగిందన్న మాట నిజం. కానీ అది నత్రజని లోపమా, జింకు లోపమా, చేలో నీరు దిగక వేరు ఊపిరాడకపోవడమా అన్నది గట్టు మీద నుంచి తెలియదు. ఇంట్లో రికార్డు చేసిన డ్రమ్స్ మీద వచ్చే మాటలూ అంతే. "డ్రమ్స్" అనే ఒక్క మాట కింద నాలుగైదు వేరు వేరు పనులు దాక్కుని ఉంటాయి. చేతి పని ఒకటి. ఈ పాటకు ఏ దరువు వేయాలన్న ఆలోచన ఒకటి. వాయిద్యం, గది, మైకులు కలిసి చేసే శబ్దం ఒకటి. మిక్సులో, అంటే అన్ని శబ్దాల్నీ కలిపేటప్పుడు, ఎంత ధ్వనిలో పెట్టామన్నది ఒకటి. కంప్యూటరు మధ్యలో దూరి చేసే అల్లరి ఇంకొకటి. వినేవాళ్లకు ఇవన్నీ ఒకేసారి, ఒకే ముద్దగా చేరతాయి. నింద మాత్రం వాయించినవాడి మీద పడుతుంది.

లాగింది ఎవరు?

ముందు కీబోర్డు అన్నయ్య మాట తీసుకుందాం, ఎందుకంటే మా ఇంట్లో పెద్ద గొడవ దాని మీదే. "వెనక్కి లాగుతున్నాయి" అంటే డ్రమ్మరుకు అంతకంటే పెద్ద తిట్టు లేదు. సంగీతం నేర్చుకున్నవాళ్లు కాలప్రమాణం అంటారే, మొదట పట్టుకున్న వేగాన్ని చివరిదాకా నిలబెట్టడం, అది లేదని చెప్పినట్టు.

మా పాట వేగం నిమిషానికి 96 దెబ్బలు. అంటే ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య 625 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం 156. సాఫ్ట్‌వేర్‌లో తెర మీద దెబ్బ పడాల్సిన చోట్ల గీతలు కనిపిస్తాయి కదా, స్నేర్ (ముందుండే, గరగరలాడే చిన్న డ్రమ్ము) దెబ్బ మొదలైన చోటుకూ దగ్గరి గీతకూ ఎంత తేడా ఉందో ఒక చరణం మొత్తం కొలిచాను. 16 ఆవర్తాలు, 32 స్నేర్ దెబ్బలు. దాదాపు అన్నీ గీతకు 28 నుంచి 36 మిల్లీసెకన్ల తర్వాత పడ్డాయి. అన్నయ్య చెవి తప్పు వినలేదు.

కానీ ఆ అంకెల్ని ఇంకోసారి చూడండి. లాగే చేయి ఒకసారి 10 లాగుతుంది, ఒకసారి 50 లాగుతుంది, ఒకసారి ముందుకు దూకుతుంది. ఇక్కడ దాదాపు అన్ని దెబ్బలూ ఇంచుమించు ఒకే దూరంలో వెనక ఉన్నాయి. అంత పద్ధతిగా ఆలస్యం కావడం పొరపాటున జరిగే పని కాదు, మా తమ్ముడికైతే అసలే కాదు, వాడు చదువుకునే రోజుల్లో కాలేజీ బస్సుకు కూడా రోజుకో తీరుగా ఆలస్యమయ్యేవాడు.

సంగతేమిటంటే, మేము గిటారు ముందు రికార్డు చేశాం. తర్వాత తమ్ముడు హెడ్‌ఫోన్స్‌లో ఆ గిటారూ, వేగం చెప్పే టిక్ టిక్ మనే క్లిక్కూ వింటూ డ్రమ్స్ వాయించాడు. కంప్యూటరు శబ్దాన్ని చుక్కలు చుక్కలుగా కాకుండా చిన్న చిన్న బిందెలు నింపి పంపినట్టు పంపుతుంది. ఆ బిందెను బఫర్ అంటారు. సెకనుకు 48,000 శాంపిళ్ల (శబ్దాన్ని కోసిన చిన్న ముక్కల) లెక్కన 256 శాంపిళ్ల బఫర్ పెడితే ఒక బిందె నిండడానికి 5 మిల్లీసెకన్ల పైన పడుతుంది. 1024 పెడితే 21. బయటికి వెళ్లేటప్పుడు ఒకసారి, లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి ఈ ఆలస్యం కలుస్తుంది. రికార్డు అయ్యాక సాఫ్ట్‌వేర్ ఈ ఆలస్యాన్ని లెక్కేసి ట్రాకును, అంటే రికార్డైన వరసను, అంత ముందుకు జరిపి సరిచేయాలి. డ్రైవర్ (ఇంటర్‌ఫేస్‌ను కంప్యూటరుతో కలిపే సాఫ్ట్‌వేర్) చెప్పిన లెక్క తప్పయితే ఆ తప్పు మొత్తం ట్రాకులో ఉండిపోతుంది. డ్రమ్మరు సరిగ్గా క్లిక్కు మీదే కొట్టినా.

దీన్ని పట్టుకోవడానికి ఖర్చేమీ లేదు. హెడ్‌ఫోన్‌ను మైకుకు ఆనించి, క్లిక్కును వినిపించి, ఆ క్లిక్కునే మళ్లీ రికార్డు చేయండి. అసలు క్లిక్కుకూ తిరిగొచ్చిన క్లిక్కుకూ ఉన్న దూరమే మీ యంత్రం చేసిన ఆలస్యం. మాకు 31 మిల్లీసెకన్లు వచ్చింది. మనిషి చేతులే లేని రికార్డింగ్‌లో కూడా. అంటే తమ్ముడు వాయించింది దాదాపు గీత మీదే. ఆ సంగతి చెప్పినప్పుడు వాడి ముఖం చూడాల్సింది.

31 మిల్లీసెకన్లంటే ఏపాటి? గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్ల చొప్పున ప్రయాణిస్తుంది. 31కి దాదాపు 11 మీటర్లు. పెళ్లి ఊరేగింపులో మీరు సన్నాయి పక్కన నడుస్తుంటే పెద్ద డ్రమ్ము 11 మీటర్ల వెనక వస్తున్నట్టన్నమాట. దెబ్బ తప్పు పడిందని ఎవరూ అనరు, ఏదో బరువుగా, బురదలో కాళ్లు ఈడుస్తున్నట్టుంటుంది. కీబోర్డు అన్నయ్య విన్నది అదే.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తే ఇది ఇంకా ముదురుతుంది. చాలా మామూలు బ్లూటూత్ సెట్లలో ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటుతుంది. మా పాట వేగంలో అది దెబ్బలో పావు వంతు. రికార్డింగ్ అప్పుడు తీగ ఉన్న హెడ్‌ఫోన్స్ తప్ప వేరేవి గదిలోకి రానీయకండి.

యంత్రం తప్పును తీసేశాక మిగిలింది అసలు చేయి. అక్కడ నిజంగానే ఒక లోపం దొరికింది, దాన్ని ఆ ఆరుగురిలో ఒక్కరూ చెప్పలేదు. పల్లవికి ముందు వచ్చే ఫిల్స్‌లో, అంటే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి దాటేటప్పుడు వేసే దరువు విరుపుల్లో, తమ్ముడి చివరి రెండు మూడు దెబ్బలు 20 నుంచి 40 మిల్లీసెకన్లు ముందుకు దూకుతున్నాయి. పల్లవి మొదట్లో క్రాష్ అనే పెద్ద కంచు తాళం కొట్టాక మళ్లీ సర్దుకుంటున్నాడు. కొత్తగా వాయించేవాళ్లలో ఇది చాలామందికి ఉన్నదే. ఫిల్ అనగానే చేయి ఉత్సాహపడుతుంది, మనసు అప్పటికే క్రాష్ దగ్గర కూర్చుని ఉంటుంది. కాబట్టి తెర మీద చూసేటప్పుడు తేడాల వరస చూడాలి. అన్నీ ఒకే దూరమైతే యంత్రం, ఫిల్స్‌లో మాత్రమే అయితే అలవాటు, చెల్లాచెదురుగా ఉంటే సాధన తక్కువ. పాట సాగేకొద్దీ దూరం పెరుగుతూ పోతే హెడ్‌ఫోన్స్‌లో క్లిక్కు సరిగ్గా వినపడటం లేదేమో చూడండి.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కితే ప్రతి దెబ్బా గీత మీదకి వచ్చి కూర్చుంటుంది. 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్‌ఎం-1 డ్రమ్ మెషీన్‌లోనే ఆ సౌకర్యం ఉంది. కానీ అదే పెట్టెలో దెబ్బల్ని మళ్లీ కాస్త పక్కకు జరిపి ఊపు తెప్పించే మీటా పెట్టాడాయన. అన్నీ గీత మీద ఉంటే చెవికి చప్పగా ఉంటుందని అప్పటికే తెలుసు. పైగా నిజమైన డ్రమ్స్‌ను నాలుగు మైకులతో రికార్డు చేసినప్పుడు స్నేర్ దెబ్బ నాలుగు ట్రాకుల్లోనూ ఉంటుంది. ఒక్క ట్రాకులో జరిపి మిగతావి వదిలేస్తే ఒకే దెబ్బ రెండుసార్లు పడినట్టో, బోలుగానో వినిపిస్తుంది. జరిపితే నాలుగూ కలిపి జరపాలి. మేము నాలుగింటినీ కలిపి 31 మిల్లీసెకన్లు ముందుకు జరిపాం. అది యంత్రం బాకీ తీర్చడమే. ఫిల్స్ మాత్రం మళ్లీ వాయించమన్నాను.

ఒకే జబ్బు, మూడు మాటలు

మా బావ "గట్టిగా కొట్టాల్సింది" అన్నాడు. అక్క రేకుల షెడ్డంది. మాస్టారు పాటెప్పుడొస్తుందన్నారు. మొదటిది మిగతా రెండింటికి ఎదురు మాట అనుకున్నాం. కాదు. మూడూ ఒకటే.

గోదావరి వెటకారానికి ఒక నిఘంటువు రాయాలి ఎవరైనా. "బాగా వినపడుతున్నాయండీ" అంటే మిక్సులో ఎక్కువ పెట్టావని అర్థం. "కష్టపడ్డాడు కుర్రాడు" అంటే ఎక్కువ వాయించాడని. "మనవాడేనా వాయించింది?" అంటే ఇంకేమీ అడక్కు అని. వెటకారంలో ఉన్న మేలేమిటంటే, అది మొహమాటాన్ని దాటుకుని వస్తుంది. "బాగుందిరా"లో ఏ సమాచారమూ ఉండదు. వెటకారంలో జబ్బు ఎక్కడుందో ఉంటుంది, కాస్త కారం కలిపి.

మాస్టారు ఎక్కువ వినపడుతున్నాయన్నవి డ్రమ్ములు కావు, తాళాలు. హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు), క్రాష్. ఫోన్ స్పీకరు వేలెడంత ఉంటుంది, కిక్ డ్రమ్ములో గుండెకు తగిలే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 కంపనాలు) దరిదాపు శబ్దాన్ని అది పలికించలేదు. పలికేది పై శబ్దాలే. కాబట్టి ఆయన చెవిలో పడింది తాళాల వాన. అక్క విన్నదీ ఫోనులోనే. బావ కారులో విన్నాడు. అక్కడ తాళాల హోరులో స్నేర్ మునిగిపోయింది కాబట్టి తమ్ముడు స్నేర్‌ను మెల్లగా కొడుతున్నాడనుకున్నాడు. నిజానికి వాడు స్నేర్‌ను ఎంత బాదాడంటే స్కిన్ మధ్యలో గుంట పడింది. ఇంకా గట్టిగా కొట్టమని చెప్పి ఉంటే తాళాలు కూడా అంతే గట్టిగా కొట్టేవాడు, వాన తుఫాను అయ్యేది.

ఇది ఎందుకు జరుగుతుందంటే, మా గది 10 అడుగులు, 12 అడుగులు. పైన స్లాబు తక్కువ ఎత్తు. తాళం శబ్దం స్లాబుకు తగిలి, దాని కింద వేలాడుతున్న మైకులోకే తిరిగి దిగుతుంది. పెద్ద గదిలో ఆ శబ్దం తిరిగొచ్చేసరికి బలం తగ్గి అందంగా ఉంటుంది. లెడ్ జెప్పెలిన్ బృందం ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో రికార్డింగ్ చేసుకుంటూ డ్రమ్మరు జాన్ బోన్హమ్‌ను ఎత్తయిన మెట్ల హాల్లో కూర్చోబెట్టి, పైనుంచి రెండు మైకులు వేలాడదీసి తీసిన శబ్దాన్ని ఇప్పటికీ రాక్ వాయించేవాళ్లు కథలుగా చెప్పుకుంటారు. ఆ శబ్దంలో సగం ఆ ఇంటిది. మా మెట్ల దగ్గర ప్రయత్నించాం. ఎదురింటి పిన్ని వచ్చి "ఎవరైనా పోయారా బాబూ?" అని అడిగాక ఆపేశాం.

చిన్న గదికి అసలు మందు మైకుల్లో లేదు, చేతుల్లో ఉంది. డ్రమ్ముల్ని గట్టిగా, తాళాల్ని మెల్లగా కొట్టడం. చెప్పినంత తేలిక కాదు, రెండు చేతులకూ రెండు స్వభావాలు నేర్పాలి. హైహ్యాట్‌ను స్టిక్ మెడతో కాకుండా మొనతో కొట్టమన్నాం, పల్లవిలో క్రాష్‌ను ప్రతి దెబ్బకూ బదులు ఆవర్తానికి ఒకసారి. రెండో చరణం ఒక సాయంత్రంలో మళ్లీ వాయించాడు. మిక్సులో ఒక్క మీటా కదపకుండా స్నేర్ ముందుకొచ్చింది.

కోడిగుడ్ల అట్టల సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. తణుకు వైపు కోళ్ల ఫారాలకు లోటు లేదు కాబట్టి మాకు అట్టలు ఉచితంగా దొరికాయి. నాలుగు గోడలకూ అంటించాం. గది స్టూడియోలా కనిపించింది, వినిపించలేదు. పల్చటి అట్ట పై శబ్దాల్ని కాస్త మార్చగలదేమోగానీ, కిక్ హోరును ఆపలేదు, పక్కింటికి చప్పుడు వెళ్లకుండానూ ఆపలేదు. 60 హెర్ట్జ్ శబ్దపు అల దాదాపు 5.7 మీటర్ల పొడవు, దానికి ఈ అట్ట ఏ లెక్కా కాదు. మందం కావాలి, బరువు కావాలి. చివరికి పాత పరుపులు రెండు, బొంతలు, మూలల్లో కొబ్బరి పీచు కుక్కిన గోనె సంచులు పెట్టాక తాళాల మోత తగ్గింది. పీచు ఉన్న గదిలో దోమల చుట్ట వెలిగించకండి.

కిక్ ఏదండీ?

భీమవరం స్టూడియో ఆయన మంచి స్పీకర్లలో విన్నాడు. ఆయనకు కిక్ వినపడలేదంటే అది ఫోను తప్పు కాదు. మొదట తమ్ముడి కాలు బలహీనం అనుకున్నాను, అందులో కొంత నిజమూ ఉంది, దాని గురించి తర్వాత. ముఖ్యమైన తప్పు నాది. మిక్సు చేసేటప్పుడు నా కుర్చీ వెనక గోడకు ఆనుకుని ఉంది.

12 అడుగుల గదిలో ఎదురెదురు గోడల మధ్య శబ్దం కొట్టుకుంటూ సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వైపు సుమారు 56 హెర్ట్జ్ దగ్గర ఉబ్బుతుంది. చెరువులో నీళ్లు గట్టు దగ్గర లేచి పడుతున్నట్టు, ఈ ఉబ్బు గోడల దగ్గర ఎక్కువ, గది నడిమధ్యన తక్కువ. కిక్ డ్రమ్ము అడుగు శబ్దం సరిగ్గా ఆ ప్రాంతంలోనే. గోడకు ఆనుకున్న నాకు కిక్ దడదడలాడుతూ వినిపించింది, ఎక్కువైందనుకుని తగ్గించాను. భీమవరంలో ఆయన గదిలో ఆ ఉబ్బు లేదు, కిక్కూ లేదు. కుర్చీని గోడకు మూడు నాలుగు అడుగులు ముందుకు జరిపి, తెలిసిన మంచి రికార్డింగ్ ఒకటి అదే ధ్వనిలో పక్కన పెట్టి పోల్చుకుంటూ మళ్లీ చేశాను. "అదే ధ్వనిలో" అన్నది మరచిపోకండి. రెండింటిలో ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే మంచిదనిపించడం చెవి బలహీనత.

ఇంకో చిన్న తప్పు కూడా దొరికింది. పైనున్న రెండు మైకులు స్నేర్‌కు సమాన దూరంలో లేవు. 34 సెంటీమీటర్లు తేడా ఉంటే ఒక మైకుకు దెబ్బ ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది, రెండూ కలిపినప్పుడు 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్నేర్ ఖాళీ డబ్బాలా మోగేది అందుకే. గ్లిన్ జాన్స్ అనే రికార్డింగ్ ఇంజినీరు పేరు మీద ఒక పద్ధతి ఉంది. రెండు పై మైకుల్నీ స్నేర్ నడిమధ్య నుంచి ఒకే దూరంలో పెడతారు. కొలవడానికి పురికొస చాలు.

ఇక కాలు సంగతి. ఇది మన ప్రాంతానికి సంబంధించినది, బయటివాళ్లు ఎవరూ చెప్పరు. డెల్టాలో కుర్రాళ్లు డ్రమ్స్ నేర్చుకునేది రాక్ బ్యాండుల్లో కాదు. ఆదివారం చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాలో, తీర్థాల్లో. చేతికి మొదట దొరికేది ప్యాడ్స్. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టాప్యాడ్‌కు వారసులు, ఎనిమిది రబ్బరు గడులు. వాటి మీద కిక్ కూడా చేత్తోనే కొట్టొచ్చు. కెహర్వా, దాద్రా లాంటి హిందుస్తానీ తాళాలు, ఆరు దెబ్బల జానపద నడకలు, అన్నీ రెండు స్టిక్స్‌తో వచ్చేస్తాయి. చేతులు అద్భుతంగా తయారవుతాయి, కుడి కాలు మాత్రం చెప్పుతో తాళం వేసేంతే నేర్చుకుంటుంది.

రాక్ దరువు బరువంతా కాలి మీద, ఆవర్తంలో రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ పడే స్నేర్ మీద ఉంటుంది. మధ్యలో ఖాళీ ఉండాలి. ప్యాడ్స్ మీద పెరిగిన చేతికి ఖాళీ కనిపిస్తే ఊరుకోదు, నింపేస్తుంది. కచేరీలో అది గొప్పతనమే, పాటగాడు చరణం మరచిపోతే ప్యాడ్స్ కుర్రాడే సభను నడిపిస్తాడు. కానీ మా పాటలో ఆ నింపడం వల్ల దరువు నిండుగా ఉండి బరువు లేకుండా పోయింది. దీన్ని "బాగా వాయించలేదు" అనడం అన్యాయం. చాలా బాగా వాయించాడు, వేరే పాటకు. నా అభిప్రాయం అడిగితే ఆ అలవాటును పూర్తిగా చంపకూడదు. రెండో పల్లవి తర్వాత వచ్చే గిటారు భాగంలో వాడు తనంతట తాను తిశ్రం (మూడేసి లెక్కల నడక) వైపు తిప్పిన రెండు ఆవర్తాలున్నాయి, ఏ లండన్ డ్రమ్మరుకూ తట్టనివి. వాటిని ముట్టుకోలేదు.

ఎవరిని ఏం అడగాలి

అందరికీ ఒకే ఫైలు పంపి ఒకే ప్రశ్న అడగడం మా మొదటి పొరపాటు. బ్యాండు మాస్టారిని శబ్దం గురించి అడక్కూడదు, లయ గురించి అడగాలి. ఆయనకు డ్రమ్స్ ట్రాకు ఒక్కటే వినిపించి, గిటారూ క్లిక్కూ తీసేసి, "చేతులతో తాళం వేస్తూ వినండి, ఎక్కడ మీ చెయ్యి తడబడిందో చెప్పండి" అన్నాను. సాఫ్ట్‌వేర్ గీతలు చూపని ఒక చోటు పట్టుకున్నారు. మొదటి చరణం చివర వాడు దెబ్బ తప్పలేదు, ధైర్యం తప్పాడట. "అక్కడ భయపడ్డాడండీ కుర్రోడు." విని చూస్తే నిజమే, నాలుగు దెబ్బలు మెత్తబడ్డాయి. కొత్త ఫిల్ రాబోతోందని ముందే ఊపిరి బిగపట్టాడు.

స్టూడియో ఆయనకు మిక్సు పంపడం దండగ. విడివిడి ట్రాకులు పంపాలి, అప్పుడే గది తప్పో మైకు తప్పో చెప్పగలడు. పంపేటప్పుడు వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

సంగీతం తెలియనివాళ్లను "డ్రమ్స్ ఎలా ఉన్నాయి" అని అస్సలు అడగకండి. ఆ ప్రశ్నతో వాళ్లను లేని పండితుల్ని చేస్తాం, పాపం ఏదో ఒకటి చెప్పాలని "గట్టిగా కొట్టాల్సింది" అంటారు. అక్కను రెండోసారి ఇలా అడిగాను: "వింటున్నప్పుడు ఫోను పక్కన పెట్టేయాలనిపించిన చోటు ఏదైనా ఉందా? ఎన్నో నిమిషం?" వెంటనే చెప్పింది, 1:52. మా బావను విడిగా అడిగితే 1:50 అన్నాడు. కారణాలు వేరు వేరు చెప్పారు, ఒకరు "బోరు" అని, ఒకరు "గందరగోళం" అని. కారణాలు పక్కన పెట్టేశాను. ఇద్దరు మాట్లాడుకోకుండా ఒకే చోట వేలు పెట్టారంటే అక్కడ ఏదో ఉన్నట్టే. ఉన్నది: క్రాష్ రెండు ఆవర్తాలు ఆగకుండా మోగుతుండగా నేను కొత్త గిటారు వరస మొదలుపెట్టాను. తప్పు డ్రమ్స్‌ది కాదు, నాది.

పంపేటప్పుడు ముందుగా సాకులు చెప్పకండి. "కరెంటు పోయింది, మైకులు అప్పు తెచ్చినవి, తమ్ముడికి జ్వరం" అని రాస్తే ఎవరైనా ఏమంటారు? "అయినా బాగా చేశారండీ" అంటారు. మన దగ్గర మొహమాటానికి అంత చోటు ఇస్తే చాలు, ఇల్లు కట్టేసుకుంటుంది.

వచ్చిన మాటలు వాయించినవాడికి చేర్చడం ఇంకో పని. తమ్ముడు కాబట్టి మొదట్లో ఏది వస్తే అది ముఖాన చదివి వినిపించాను. దాంతో రెండు రోజులు మాటల్లేవు. తర్వాత "నువ్వు పరిగెడుతున్నావు" అనడం మానేసి "0:48లో ఫిల్ చివరి రెండు దెబ్బలు ముందు పడ్డాయి, విను" అని చూపించడం మొదలుపెట్టాను. వాడే విని, వాడే తల గోక్కుని, వాడే మళ్లీ వాయించాడు. యంత్రం తప్పేదో, నా తప్పేదో ముందు తేల్చుకున్నాకే వాడి తప్పు వాడికి చూపించాను. మొదటి రోజే అలా చేసి ఉంటే ఆ రెండు రోజులూ మిగిలేవి.

దీపావళి ముందు కొత్త మిక్సు అయింది. డ్రమ్స్ 31 మిల్లీసెకన్లు ముందుకు జరిగి తమ స్థానంలో కూర్చున్నాయి, ఫిల్స్ నాలుగింటిలో మూడు మళ్లీ వాయించినవి. నాలుగోది, ఆఖరి పల్లవికి ముందుది, ఇంకా కాస్త ముందుకు దూకుతూనే ఉంది. అక్కడ దూకితేనే బాగుందని వదిలేశాం. కాలువ లాకుల దగ్గర టీ కొట్టు ముందు బ్యాండు మాస్టారు కనిపిస్తే ఫోనిచ్చి వినమన్నాను. ఈసారి వెటకారమాడలేదు, వేలితో బల్ల మీద తాళం వేస్తూ పూర్తిగా విన్నారు. టీ గ్లాసు కింద పెట్టి అన్నారు:

"ఇప్పుడు బాగుందండీ. డ్రమ్ములు సరిగ్గా ఉన్నాయి. గిటారు ఎవరో గానీ, చరణంలో పరిగెడుతున్నాడండీ."